బాపు బతుకును పుస్తకంగా రాయాలంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీది చౌటుప్పల్ వైపు పల్లె. మీ బాపుకు (నాన్నకు) 73 ఏండ్లు, చిన్నప్పటి నుంచి మగ్గం మీదే బతికిండు. మనుమల కోసం ఆయన చిన్నతనాన్ని చిన్న పుస్తకంగా తేవాలని మీ అన్నదమ్ములకు ఉంది. రెండుసార్లు ఫోన్ పెట్టి అడిగితే "ఏముంది బిడ్డా చెప్పనీకి, కష్టపడ్డం, పెరిగినం" అని లేచిపోయిండు. ఆయనతో ఎట్లా చెప్పించాలి, చెప్పిన ఏండ్లు, మజూరీలు సరైనవో కావో ఎట్లా తెలుసుకోవాలి అని అడిగారు.

ముందు జవాబు: చిన్నతనం గురించి అడగకండి, పని గురించి అడగండి. "నీ బాల్యం ఎట్లా గడిచింది" అంటే ఆయన ఒక అభిప్రాయం చెప్పాలి. అది ఒక్క మాటలో అయిపోతుంది, అయిపోయింది కూడా. "కండెలు చుట్టేటప్పుడు రాట్నం ఏ చేత్తో తిప్పేటోనివి?" (కండెలంటే నూలు చుట్టే చిన్న గొట్టాలు) అంటే చెయ్యి గుర్తుకొస్తుంది. చెయ్యి వెంట అరుగు, అరుగు వెంట పక్కన కూసున్న అమ్మ, ఆమె వెంట ఆనాటి ఆకలి వాటంతట అవే వస్తాయి. చేతిపని మీద బతికిన ఇండ్లలో "బాల్యం" అనే వేరే గది ఉండదు. ఆరేడేండ్లకే పిల్లవాడు పనిలో ఒక భాగం. అందుకే ఆ మాటతో అడిగితే ఆయన దగ్గర జవాబు దొరకలేదు.

మొదటి నాలుగు సిట్టింగులు పని వరుసలోనే నడపండి. మీ వైపు ఎక్కువగా చిటికి పనే (నూలుకు ముడులు కట్టి రంగులద్ది నేసే ఇక్కత్) కాబట్టి ఆ వరుస చెబుతాను. నూలు చిలపలు ఇంటికి రావడం, ఆసు పోయడం (కొయ్యల చట్రం మీద దారం తిప్పడం), చిటికి కట్టడం, రంగు అద్దడం, విప్పి ఆరబెట్టడం, కండెలు చుట్టడం, నేత, ఆఖరుకు చీర తీసుకొని సావుకారు దగ్గరికో సొసైటీకో పోవడం. పడుగు (నిలువు దారాలు) సంగతి వేరేగా అడగండి: తెల్లారకముందే వీధిలో చాచి గంజి పెట్టడం, ఆరబెట్టడం, అచ్చు అతకడం (పాత పోగులకు కొత్త పోగులు కలపడం). ప్రతి మెట్టు దగ్గరా ఒకటే అడగండి: "దీంట్లో పిల్లల పని ఏంది, ఎన్నేండ్లకు మొదలయ్యేది?"

ఒక మెట్టును దగ్గర నుంచి చూపిస్తాను. పేకలో, అంటే అడ్డ దారంలో, చిటికి చేసిన నూలును కండెలకు చుట్టాక వాటిని వరుస తప్పకుండా పెట్టాలి. రంగు నూలు మీద ముందే పడి ఉంటుంది, డిజైన్ నేతలో పుట్టేది కాదు. మూడో కండె ముందు ఐదో కండె నాడెలోకి (పేకను అటూ ఇటూ తీసుకుపోయే పనిముట్టులోకి) పోతే పువ్వు సగంలో విరుగుతుంది. కండెలు చుట్టేది పిల్లలే కాబట్టి తప్పు కూడా వాళ్ల మీదే పడేది. "కండెల వరుస ఎప్పుడన్న తప్పిందా? అప్పుడేమయింది?" అని అడిగి ఊరుకోండి. దెబ్బలు గుర్తుకు రావచ్చు, అంత నేత విప్పిన రోజు గుర్తుకు రావచ్చు, తప్పు తమ్ముడి మీదికి నెట్టిన సంగతీ బయటపడొచ్చు. "నాన్న కొట్టేవాడా" అని నేరుగా అడిగితే ఇవేవీ రావు, "అప్పట్ల ఎవరు గొట్టలే" అనే మాటే వస్తుంది.

ఇంకొన్ని అడగదగ్గవి ఇవి. గుంట మగ్గం మీద కూసుంటే కాళ్లతో తొక్కే చెక్కలు మొదటిసారి ఎప్పుడు అందినయి? వానకాలం గుంటలోకి నీళ్లు ఊరితే ఎన్ని రోజులు పని ఆగేది, ఆ రోజుల్లో ఇంట్ల ఏం వండేది? మగ్గం ఎప్పుడెప్పుడు ఆపేటోళ్లు, అమాసకా, పండుగకా, చావుకా? రంగు రోజుల్లో చేతులు ఏ రంగులో ఉండేవి, ఆ చేతులతో బడికి పోతే సార్ ఏమనేది? పండుగ కాని రోజు వరన్నం ఎప్పుడు తిన్నవు? మిగతా రోజులు జొన్న గట్కనా, అంబలినా? రాత్రి దీపం ఏది, దాని కింద పని చేసేది ఎవరు, చదువుకునేది ఎవరు? చమురు ఒక్కటే కాబట్టి ఈ ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనబడినా ఇంటి సంగతంతా దాంట్లోనే తేలుతుంది.

వీలైతే పాత రాట్నం ఒకటి తెచ్చి ముందు పెట్టండి. మగ్గం ఇంకా ఆడుతున్న ఇల్లు పక్కనే ఉంటే ఆయనను అక్కడికి తీసుకుపోండి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు మగ్గం ముందు వస్తాయి. ఒక చిక్కుంది, మగ్గం చప్పుడులో రికార్డింగ్ ఆగమవుతుంది. అక్కడ చూసింది, అన్నది చీటీ మీద రాసుకొని, తిరిగొచ్చాక ఇంట్లో మళ్లీ చెప్పించండి.

అమ్మను, పెద్ద మేనత్తను వేరేగా కూర్చోబెట్టండి. మగవాళ్లు రాసుకున్న ఇలాంటి పుస్తకాల్లో తరచూ పడే గుంత ఇది. "నాన్న నేసేవాడు, అమ్మ ఇంటి పని చూసుకునేది" అని రాసి ముందుకు పోతారు. అది అబద్ధమే అనాలి. ఆడవాళ్లు పోసే ఆసునే చూడండి: అర్ధచంద్రం లాంటి చట్రానికి కొయ్యలు, ఈ చివర ఒక కొయ్య, ఆ మధ్య దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోయాలి. ఒక చీర ఆసుకు చెయ్యి దాదాపు 9,000 సార్లు పోయిరావాలి, నాలుగైదు గంటల పని. ఒక్కో విసురుకు మీటరు అనుకున్నా ఆమె చెయ్యి ఒక చీరకు తొమ్మిది కిలోమీటర్లు నడిచినట్టు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. భుజం, మోచెయ్యి పోయేది అందుకే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేసింది తన తల్లి బాధ చూడలేకనే. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇంత పనికి మజూరి ఎవరి పేరున రాసేవాళ్లు? చీర నేసిన మగవాని పేరున. ఆసుకు, కండెలకు లెక్క లేదు. కాబట్టి మీ బాపు ఉదారంగా చెప్పినా ఆ పని ఆయన చెప్పే లెక్కలోకి రాదు, చిట్టాలోకే రాలేదు మరి. బడి మానేసి తమ్ముళ్లను ఎత్తుకున్న బాపు పెద్దక్కకు, అంటే మీ మేనత్తకు, ఆ ఇంటి సంగతులు అందరికన్నా ఎక్కువ తెలుస్తాయి. ఆమె ఉంటే మొదటి రికార్డింగ్ ఆమెదే చేయమంటాను. బాపును, ఆమెను ఒకచోట కూసోబెడితే ఒకరు చెబుతుంటే ఇంకొకరు తల ఊపుతారు, అంతే. విడివిడిగా చెప్పించాక తేడాలు వస్తే భయపడకండి. "అక్క ఇట్లంటది, తమ్ముడు అట్లంటడు" అని రెండూ పుస్తకంలో ఉండనివ్వండి.

ఇక ఏండ్లు, వయసు. బడి రిజిస్టర్‌లో పుట్టిన తేదీ జూన్‌లోనో జులై 1 అనో ఉంటే దాన్ని నమ్మకండి. చేర్చుకునే రోజు పిల్లవాన్ని చూసి సారు వెనక్కి లెక్కేసి రాసిన తేదీ అయి ఉంటుంది. ఊరందరికీ తెలిసిన సంఘటనల మీద కొలవండి. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. అష్టగ్రహ కూటమి అని లోకం మునుగుతదని భజనలు చేసింది 1962 ఫిబ్రవరిలో. నెహ్రూ పోయింది 1964 మే. తెలంగాణ ఉద్యమంతో చదువులు ఆగింది 1969. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతదని కోళ్లు, మేకలు కోసుకొని తిన్నది 1979 జులై. పట్టపగలు చీకటైన సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. కిలో రెండు రూపాయల బియ్యం 1983. "అష్టగ్రహం నాటికి మగ్గం ఎక్కినవా, ఇంకా కండెలేనా?" అంటే ఏడాది అటూ ఇటూగా పట్టుబడుతుంది. మీ బాపు లెక్క ప్రకారం 1952 పుట్టుక అయితే ఆయనకు అప్పటికి పది నిండుతున్నట్టు.

ఒక ఉచ్చు చెబుతాను. "రజాకార్లు వస్తే అమ్మ నన్ను ఎత్తుకొని చెల్కల పొంటి ఉరికింది, నాకు యాదికున్నది" అన్నాడనుకోండి. 1952లో పుట్టిన మనిషి 1948 సెప్టెంబరు పోలీసు చర్యకు ముందటి సంగతి చూసే వీలు లేదు. రెండే దారులు: వయసు ఏడెనిమిదేండ్లు తక్కువ పడి ఉండాలి, లేదా అమ్మ వందసార్లు చెప్పింది తను చూసినట్టే నిలిచిపోయి ఉండాలి. రెండోది చాలా మామూలు, అది అబద్ధమాడటం కాదు. "నాయనా నువ్వు పుట్టనే లేదు" అని అక్కడే పట్టుకోకండి, ఇక ఆ పూటకు నోరు విప్పడు. తర్వాత అక్కతో సరిచూసుకొని, పుస్తకంలో "అమ్మ చెప్పేది" అని మొదలుపెట్టి రాయండి.

తాత కాలపు కాయితాలు దొరికితే వాటి మీద ఫసలీ (నిజాం కాలపు సర్కారు లెక్క) సంవత్సరం ఉంటుంది, ఉర్దూలో ఉండొచ్చు. ఫసలీకి 590 కలపండి: 1350 ఫసలీ అంటే సుమారు 1940-41. ఏడాది రెండు ఇంగ్లిష్ సంవత్సరాల మీదికి పరుచుకొని ఉంటుంది కాబట్టి నెల తెలియకుండా ఒకే ఏడాది రాయకండి.

డబ్బు, కొలతలు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి, కాస్త ఓపికగా చదవండి. "చారాణ", "ఆఠాణ", "బారాణ" అన్నాడని అది 1957కు ముందు సంగతని రాయకండి. దశాంశ నాణేలు వచ్చాక కూడా 25, 50, 75 పైసలను దశాబ్దాలపాటు అట్లనే పిలిచారు. "బేడ" (రెండణాలు), "కాణి" (పావు అణా) లాంటివి వస్తే పాత కాలమనే అనుమానం బలపడుతుంది. రూపాయికి 16 అణాలు, 64 పాత పైసలు, 192 దమ్మిడీల లెక్క అది. తాత మాటల్లో "హాలీ", "కల్దార్" అని రెండు రూపాయలు వినబడతాయి. హాలీ నిజాం రూపాయి, కల్దార్ ఇంగ్లిష్ వాళ్లది. సుమారుగా ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. ఏ రూపాయో అడగకుండా అప్పు మొత్తం రాస్తే లెక్క తప్పుతుంది.

మజూరీ అంకెను ఒంటరిగా ఎప్పుడూ రాయకండి. "చీరకు ఆరు రూపాయలు" అంటే ఈనాటి మనవడికి ఏమీ తెలియదు, పైగా ఆ ఆరు 1960దో 1972దో మీ బాపుకే పక్కాగా తెలియకపోవచ్చు. అదే కూర్చోవడంలో మూడు అడగండి: చీరకు ఎంత, చీర ఎన్ని రోజులకు దిగేది, ఆ పైసలతో ఎన్ని మానికల (గింజలు కొలిచే పాత్రల) జొన్నలు వచ్చేవి. ఉదాహరణకు ఆరు రూపాయలు, నాలుగు రోజులు, పన్నెండు మానికలు అన్నాడనుకోండి. రోజుకు మూడు మానికలు, ఇంట్లో ఏడుగురు, అది చాలుతుందా లేదా మీరే చూడొచ్చు. పొంతన కుదరకపోతే మూడింట్లో ఒకటి వేరే కాలానిది. తర్వాత సిట్టింగులో ఆ ఒక్కటే మళ్లీ అడగండి. సాధారణంగా తప్పేది రూపాయల అంకే. తిండి అంకె అంత తొందరగా తప్పదు.

మానిక ఎంత అని పుస్తకాల్లో వెతకకండి. ఊరు మారితే కొలత మారేది, కొలిచే చెయ్యి మారినా మారేది. ఇంట్లో పాత మానిక, సోల ఉంటే దాన్నిండా జొన్నలు పోసి కిరాణం కొట్టు కాంటా మీద తూచి, ఆ తూకం రాయండి. కిలోలు వచ్చింది కూడా ఒక్కరోజులో కాదు, 1958 నుంచి 1962 దాకా విడతలుగా.

నూలు లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే, పనికొస్తుంది. చిలప అంటే 840 గజాలు. ఒక పౌను నూలులో ఎన్ని చిలపలుంటే అదే ఆ నూలు నంబరు. 40వ నంబరంటే పౌనుకు 40 చిలపలు, అంటే 33,600 గజాలు. ఆయన "పది పౌన్ల కట్ట తెచ్చేటోళ్లం, నలభై నంబరు" అంటే అందులో 400 చిలపలు ఉన్నట్టు. దాంట్లో ఎన్ని చీరలు దిగేవో అడిగితే సావుకారు నూలు తూకంలో ఎంత మిగిల్చుకునేవాడో అన్న మాట దానంతట అదే బయటికొస్తుంది. ఈ విషయంలో ముసలివాళ్ల జ్ఞాపకం గట్టిగా ఉంటుంది, కడుపు మండిన లెక్క కదా.

కాయితాల విషయం క్లుప్తంగా: సొసైటీ పాస్‌బుక్, సావుకారు చిట్టా, రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రామిసరీ నోటు, మగ్గాల పనికి వలసపోయినవాళ్లు భీవండి నుంచో షోలాపూర్ నుంచో పంపిన మనియార్డర్ చీటీలు, లగ్నపత్రికలు, ఫొటో వెనక స్టూడియో ముద్ర. ట్రంకు పెట్టె అడుగున పరిచిన కాయితం కూడా చూడండి. ముందు ఫొటో తీసుకోండి, తర్వాతే మడతలు విప్పండి.

రికార్డింగ్. ఒక్క సిట్టింగు 45 నిమిషాలు దాటనివ్వకండి. 70 దాటిన వాళ్లకు ఆ తర్వాత మాట తిరిగి "అప్పటి రోజులే వేరు" దగ్గరికి వస్తుంది. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఆయన నోటికి మూరెడు దూరంలో మడిచిన తువ్వాల మీద ఉంచండి. బల్ల మీద పెడితే గ్లాసు చప్పుడు కూడా ఎక్కుతుంది. ఫ్యాన్ ఆపండి లేదా పొద్దున్నే కూర్చోండి. కుదించని మోనో వేవ్ ఫైల్ గంటకు దాదాపు 320 ఎంబీ, 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 58 ఎంబీ. ఫోన్‌లో జాగా లేకపోతే ఎంపీ3 చాలు. ఫైలు పేరులో తేదీ, మనిషి, విషయం ఉండాలి, మూడు చోట్ల దాచాలి. రికార్డు అయిన గంట మాటను కాయితం మీద పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, కాబట్టి పది సిట్టింగులకు మించి పెట్టుకోకండి. గొంతుతో టైపయ్యే యాప్ వాడుకోవచ్చు, కానీ దానికి మన యాస పట్టదు. "ఆసు వోసేది" అంటే "ఆశ పోసేది" అని రాసి పెట్టొచ్చు. ఒకసారి చెవితో విని దిద్దక తప్పదు.

ఇక రాయడం. చాలా పుస్తకాలు పాడయ్యేది ఇక్కడే. ఆయన ఇలా చెప్పాడనుకోండి:

"మా అమ్మ ఆసు వోసేది. నేను పక్కకు కూసొని పోగు దెగితే అతికేటోణ్ణి. నిద్రొస్తే ఆసు కొయ్యకు తల దాకేది. తల దాకితే పోగు దెగేది. మల్ల నేనే అతకాలె."

దీన్ని చదువుకున్న కొడుకు ఇలా మారుస్తాడు: "ఆ రోజుల్లో పేదరికం మమ్మల్ని నీడలా వెంటాడింది. చిన్నతనంలోనే అమ్మకు చేదోడు వాదోడుగా నిలిచాను." కొయ్య పోయింది, నిద్ర పోయింది, తల దాకడం పోయింది. మిగిలింది ఎవరి తండ్రికైనా అతికే వాక్యం. మొదటిదే ఉంచండి. యాసను మార్చకండి, స్పెల్లింగు మాత్రం మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకేలా ఉండేట్టు చూడండి. మనుమలకు తెలియని పని మాటలకు మొదటిసారి వచ్చినచోటే, అదే వాక్యంలో అర్థం తెలిసేలా ఒక ముక్క కలపండి.

"పేదరికంలోనూ ఎంత ఆనందంగా ఉన్నామో" అనేది ఇంకో గుంత. ఆనందం ఉండొచ్చు, జంధ్యాల పున్నమి నాడు ఉండే ఉంటుంది. అయితే ఆ రోజు ఏం వండారు, ఎవరింటికి పోయారు అని రాస్తే చాలు. పుట్టుకతో మొదలుపెట్టకండి. ఆయన చేసిన మొదటి పనితో మొదలుపెట్టి, పని మారినప్పుడల్లా అధ్యాయం మార్చండి: నీళ్లు మోయడం, కండెలు, చిటికి, మగ్గం. మీ బాపు పెరిగిన వరుస అదే.

కొన్ని విషయాలు రాయొచ్చా లేదా అని అడగలేదు గానీ వస్తాయి. పుట్టి పోయిన తోబుట్టువులు, కల్లు తాగి తాత చేసిన గోల, ఇంకా తీరని బాకీ. గొంతు మారితే రికార్డర్ ఆపండి, ఆపినట్టు ఆయనకు కనబడాలి. సావుకారు కుటుంబం ఇంకా ఊళ్లోనే ఉంటే పేరు అక్కర్లేదు, "సావుకారు" చాలు. బాకీ అంకె మాత్రం తీసేయకండి. ఆ అంకె లేకపోతే అక్క బడి ఎందుకు మానిందో అర్థం కాదు.

అచ్చుకు ముందు అంతా ఆయనకు పైకి చదివి వినిపించండి, రోజుకు పది పేజీలు. చదివి చూసుకొమ్మని చేతికి ఇస్తే "మంచిగుంది" అని పక్కన పెడతారు. వింటే మాత్రం "ఆ కొయ్య గాదు, దాని ఎనక కొయ్య" అంటూ ఆపుతారు. పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. చదివే ప్రతి పూటా రికార్డర్ కూడా ఆన్‌లో ఉంచండి, పది సిట్టింగుల్లో రానివి అప్పుడే వస్తాయి.